సేంద్రియ ఆలివ్ తోటలో పండు ఈగను అదుపు చేయడం ఎలా?

ఆలివ్‌తోట: కాలిఫోర్నియాలోని సాక్రమెంటో లోయలో నూనె కోసం పెంచుతున్న మా చెట్లకు, కాయలో గింజ గట్టిపడే దశ నుంచి పండు ఈగ ఆశిస్తోంది. పచ్చికాయ మీద సూది గుచ్చినట్టు గోధుమరంగు మచ్చ ఉంటుంది. అక్కడ చాకుతో కోస్తే గుజ్జులో సన్నని సొరంగం, దాని చివర తెల్లని పురుగు కనిపిస్తాయి. స్పైనోసాడ్ (నేల బ్యాక్టీరియా నుంచి తీసే పురుగుమందు) కలిపిన ఎర మందు వాడుతున్నాం. దానికి తోడుగా, మన మామిడి తోటల్లో కట్టే మిథైల్ యూజినాల్ బుట్టలు ఇక్కడ పనిచేస్తాయా?

ఫ్రెస్నో రైతు: పనిచేయవండి. మిథైల్ యూజినాల్‌కు మామిడిని ఆశించే మగ ఈగలు వస్తాయి గాని ఆలివ్ ఈగ రాదు. ఈ ఆలివ్ ఈగ ఇక్కడ 1998లో లాస్ ఏంజెలెస్‌లో బయటపడింది; దీనికి ఎక్కువమంది వాడుతున్నవి టొరులా ఈస్ట్ (మాంసకృత్తులు ఎక్కువగా ఉండే ఒక రకం ఈస్ట్) బిళ్లలను నీళ్లలో కరిగించి పోసిన బుట్టలే. గుడ్లు పెట్టడానికి ఆడ ఈగకు మాంసకృత్తులు అవసరం కనుక ఆ వాసనకు వచ్చి పడుతుంది. మీ ఎర మందు పనిచేసేదీ ఇలాగే; అందుకే చెట్టంతా తడపకుండా కొమ్మల మీద అక్కడక్కడ చల్లితే చాలు. అయితే కాలిఫోర్నియా ఈగల్లో స్పైనోసాడ్‌ను తట్టుకునే గుణం ఇప్పటికే కనిపించింది కాబట్టి, దాని మీదే ఆధారపడటం నాకు సమ్మతం కాదు.

కోర్డోబా నుంచి: స్పెయిన్‌లో మేము ప్లాస్టిక్ నీళ్ల సీసాల పైభాగంలో 5 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, డైఅమోనియం ఫాస్ఫేట్ (డీఏపీ ఎరువు) కలిపిన నీళ్లు పోసి చెట్లకు వేలాడదీస్తాం. ఖర్చు తక్కువే గాని, ఎండలకు ఆవిరయ్యే నీటిని తరచూ నింపుతూ ఉండాలి. ఈగ ఉద్ధృతి మొదలవకముందే కెయోలిన్ అనే మెత్తని తెల్లమట్టిని నీళ్లలో కలిపి పిచికారీ చేస్తే, తెల్లని పొర కప్పుకున్న కాయ మీద అది గుడ్డు పెట్టడానికి వెనుకాడుతుంది. వాన కురిస్తే మాత్రం మళ్లీ చల్లక తప్పదు.

ఆలివ్‌తోట: ఇద్దరికీ ధన్యవాదాలు. వేసవిలో 38 డిగ్రీలు దాటే మా ఎండలకే ఈగ చావాలి కదా, ఎలా బతుకుతోంది?

ఫ్రెస్నో రైతు: నీరు, తిండి దొరికితే ఆ ఎండను కూడా తట్టుకుంటుంది. చెట్టు రసం పీల్చే నల్ల పొలుసు పురుగు విసర్జించే తేనెలాంటి జిగురు దానికి మంచి ఆహారం. ఆకుల మీద మసి తెగులు, అంటే ఆ జిగురు మీద పెరిగే నల్లని బూజు, ఉందేమో చూడండి. ఉంటే కొమ్మలు కత్తిరించి, చెట్టు నడుమకు గాలి, ఎండ తగిలేలా చేస్తే పొలుసు పురుగు పిల్లలు వేడికి చస్తాయి. కోత ముగిశాక చెట్టు మీద గాని నేల మీద గాని ఒక్క కాయ కూడా మిగలనీయకండి, రాలిన వాటిని కనీసం 10 సెంటీమీటర్ల లోతున పూడ్చండి. రోడ్డు పక్కన అందానికి పెంచే ఆలివ్ చెట్లుంటే, వాటి కాయలు కూడా దులిపించమని ఇరుగుపొరుగు వారిని తప్పకుండా అడగండి.