బౌట్ అయ్యాక చెయ్యి చేసుకున్న కుర్రాడికి ఏ శిక్ష వేయాలి?

అందరికీ నమస్కారం. విశాఖలో పిల్లలకు బాక్సింగ్ నేర్పిస్తాను. మొన్న ఒక టోర్నమెంట్‌లో మా 16 ఏళ్ల కుర్రాడు ఓడిపోయాడు. అవతలి అబ్బాయి ఏదో అన్నాడని రింగ్ దిగాక అతన్ని కొట్టాడు. దెబ్బ పెద్దది కాదు, కానీ నాకు రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

2018 అక్టోబర్‌లో లాస్ వేగాస్‌లో జరిగిన యూఎఫ్‌సీ 229 (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీ) మీకు గుర్తుండే ఉంటుంది. ఐర్లాండ్ ఫైటర్ మెక్‌గ్రెగర్‌ను ఓడించిన రష్యా ఫైటర్ ఖబీబ్, కంచె దూకి మెక్‌గ్రెగర్ బృందం మీదికి వెళ్లాడు. అక్కడి పోటీలను పర్యవేక్షించే నెవాడా అథ్లెటిక్ కమిషన్ ఖబీబ్‌కు 9 నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మెక్‌గ్రెగర్‌కు 6 నెలలు, 50 వేల డాలర్లు. వేధింపులకు వ్యతిరేకంగా ప్రచార వీడియో చేస్తే ఖబీబ్‌కు 3 నెలలు తగ్గిస్తామని కూడా చెప్పింది. నాకు నచ్చింది ఈ చివరిదే.

ఏడాదికి ఒకటి రెండు బౌట్లు ఆడే స్టార్‌కి 9 నెలలు పెద్ద లెక్క కాదు. మావాడికి 6 నెలలంటే ఒక సీజనే పోతుంది. అలాగని ఊరికే వదిలేస్తే మిగతా పిల్లలు ఏం నేర్చుకుంటారు?

కోచ్‌లు, రిఫరీలు ఎవరైనా ఉంటే చెప్పండి: ఈ వయసు పిల్లలకు నిషేధం ఎంత కాలం ఉండాలి? రెచ్చగొట్టినవాడికీ శిక్ష వేయాలా? అవతలి అబ్బాయి ఇంటికి తీసుకెళ్లి క్షమాపణ చెప్పిద్దామనుకుంటున్నాను, అది సరిపోతుందా?