అమ్మ తర్వాత అన్న ఎక్కడ ఉండాలి?

తుంగభద్ర తీరం (కర్నూలు):
అందరికీ నమస్కారం. మా అన్నకు నలభై నాలుగేళ్ళు. డిగ్రీ చదివే రోజుల్లో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినబడడం, లేనివి నిజమనిపించడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బు) మొదలైంది. చాలా ఏళ్ళుగా మందులు క్రమం తప్పకుండా వాడుతున్నాడు. చెవుల్లో గొంతులు వినబడడం దాదాపు తగ్గిపోయింది, తన బట్టలు తానే ఉతుక్కుంటాడు, రోజూ కొండారెడ్డి బురుజు దాకా నడిచి వెళ్ళి పేపరు కొనుక్కొని వస్తాడు. అయితే వంట, డబ్బు లెక్కలు, ఆసుపత్రి తేదీలు అన్నీ డెబ్బై దాటిన మా అమ్మే చూస్తోంది. నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటాను, అన్న కర్నూలు వదిలి రానంటాడు. చుట్టాలు ఏదైనా హోములో చేర్పించమంటున్నారు. నేను చూసిన చోట్ల తాళం వేసిన గేటు, వరుస మంచాలు, పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోబెట్టిన మనుషులు కనిపించారు. కోలుకున్న మనిషిని అక్కడ వదలడానికి మనసొప్పలేదు, ఇంట్లో ఒంటరిగా ఉంచడానికి ధైర్యం చాలడం లేదు. ఈ రెండింటికీ నడుమ మన జిల్లాల్లో ఎవరైనా ఏదైనా ఏర్పాటు చేసుకొని ఉంటే దయచేసి చెప్పండి.

పెన్నహోబిలం (అనంతపురం):
తమ్ముడూ, నేను మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కరుగా పనిచేసి విరమించినవాడిని. ముందు చట్టం సంగతి చెబుతాను, మీ చుట్టాలతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షను ప్రకారం మానసిక అనారోగ్యం ఉన్నవారికి సమాజంలో నలుగురితో కలిసి జీవించే హక్కు ఉంది. కుటుంబం లేదనో, కుటుంబం ఒప్పుకోవడం లేదనో, ఇల్లు లేదనో, బయట తగిన వసతి లేదనో చెప్పి ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచేయకూడదు. హాఫ్‌వే హోములు, తోడ్పాటుతో కూడిన వసతి వంటివి ప్రభుత్వం సమకూర్చవలసిన సేవల్లో భాగమని 18వ సెక్షను చెబుతుంది. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నది మన వీధుల్లో కనబడకపోవడం నా ఉద్యోగకాలమంతా నన్ను బాధించింది.

హాఫ్‌వే హోము అంటే ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషి కొన్ని నెలలు ఉండి, వంట, బస్సు ప్రయాణం, డబ్బు వాడకం మళ్ళీ అలవాటు చేసుకొని వెళ్ళిపోయే చోటు. నలుగురైదుగురు ఒకే ఇంట్లో స్థిరంగా ఉండేది గ్రూప్ హోము. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ 2015 నుంచి 'హోమ్ అగైన్' పేరుతో మామూలు వీధుల్లో ఇళ్ళు అద్దెకు తీసుకొని, ఏళ్ళ తరబడి ఆసుపత్రుల్లో ఉండిపోయినవారిని చిన్న చిన్న బృందాలుగా ఒక ఇంటివారిలా ఉంచుతోంది. శిక్షణ పొందిన సహాయకులు వారికి తోడుంటారు. మన పొరుగున బళ్ళారి జిల్లాలో 1980లలో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెలకు తీసుకువెళ్ళారు. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపుదిద్దుకుంది. మందును ఊరి దాకా చేర్చగలిగినవాళ్ళం, వసతి దగ్గర ఆగిపోయాము.

హోము చూడడానికి వెళితే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు ఉందో లేదో అడగండి. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లోపలివారికి ఫోను ఇస్తారా, పింఛను డబ్బు ఎవరి చేతికి వెళుతుంది అన్నది కనుక్కోండి. ముందుగా చెప్పకుండా వెళ్ళడానికి వారు ఒప్పుకోకపోతే వెనుదిరగండి. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న పాక అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టివేసి ఉండడం వల్ల బయటికి రాలేక 28 మంది చనిపోయారు. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. ఇప్పటికీ ఎక్కడైనా గొలుసు కనబడితే పోలీసులకు చెప్పవలసిందే.

ఎర్రముక్కపల్లి అక్క (కడప):
మేము మూడు కుటుంబాలవాళ్ళం కలిసి చేసుకున్న ఏర్పాటు చెబుతాను. మా చెల్లెలికి బైపోలార్ జబ్బు ఉంది, అంటే కొన్నాళ్ళు మనసు పట్టపగ్గాలు లేకుండా ఉరకలు వేస్తుంది, కొన్నాళ్ళు బాగా కుంగిపోతుంది. ఆసుపత్రిలో నెలనెలా కలిసే మరో ఇద్దరు ఆడపిల్లల తల్లులతో పరిచయం పెరిగి, ముగ్గురినీ ఒకే ఇంట్లో ఉంచాలనుకున్నాము. జబ్బు సంగతి దాచకుండా చెప్పినందుకు ఇల్లు దొరకడం ఆలస్యమైంది, కానీ దాచి చేరి ఉంటే మొదటి గొడవకే ఖాళీ చేయవలసి వచ్చేది. చివరికి పైఅంతస్తులో ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలు కింది వాటా ఇచ్చారు. అద్దె, కరెంటు, వంటామె జీతం మూడు భాగాలు. వంటామె ఉదయం వచ్చి సాయంత్రం వంట కూడా ముగించి వెళుతుంది. ఆమె నర్సు కాదు. మందులు వేసుకున్నారా అని అడగడం వరకే ఆమె పని. వారానికి సరిపడా గళ్ళ డబ్బాలో ఎవరి మాత్రలు వారే సర్దుకుంటారు.

మొదట్లో మేము చాలా భయపడి నియమాలన్నీ మేమే రాసి గోడకు అతికించాము. వాళ్ళు పాటించలేదు. తర్వాత ముగ్గురూ కూర్చొని తమకు కావలసినవి తామే రాసుకున్నారు: అడగకుండా ఒకరి గదిలోకి మరొకరు వెళ్ళకూడదు, రాత్రి పదింటి తర్వాత టీవీ శబ్దం తగ్గించాలి, ఎవరి చుట్టాలు వస్తున్నా ముందు రోజే చెప్పాలి. ఇప్పుడు గొడవలు వస్తే ఎక్కువగా ఫ్యాను గురించీ బాత్‌రూము గురించీ వస్తాయి, అవి ఏ ఇంట్లోనైనా ఉండేవే. వాటన్నింటినీ జబ్బు ఖాతాలో వేయకుండా ఉండడం మేము నేర్చుకోవలసి వచ్చింది.

కడప ఎండల గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. మా చెల్లెలు మనసును నిలకడగా ఉంచే లిథియం అనే మందు వాడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం మోతాదు పెరిగి ప్రమాదం అవుతుంది. అందుకే వేసవిలో నీళ్ళు బాగా తాగడం, ఉన్నట్టుండి ఉప్పు మానేయకపోవడం, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే వెంటనే డాక్టరుకు చెప్పడం, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకపోవడం ఆ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. చెల్లెలి అలమర తలుపు లోపలివైపు ఒక కాగితం ఉంది. వరుసగా రెండు రాత్రులు నిద్రపోకపోతే, తెల్లవారకముందే అందరికీ ఫోన్లు చేస్తుంటే నాకు చెప్పమని మిగిలిన ఇద్దరికీ దాని మీద తానే రాసిపెట్టింది.

మూడో రోడ్డు (అనంతపురం):
నాకూ స్కిజోఫ్రీనియా ఉంది. ఒక గది అద్దెకు తీసుకొని ఉంటాను, జిరాక్స్ షాపులో పనిచేస్తాను. అందరూ ప్రేమతోనే మాట్లాడుతున్నారు, కానీ తుంగభద్ర గారూ, మీ అన్నను ఎక్కడ ఉంటావని అడిగారా? అది మీ పోస్టులో నాకు కనబడలేదు. చట్టంలోని 5వ సెక్షను కింద, జబ్బు తిరగబెడితే తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ఆయన ముందుగానే రాసిపెట్టుకోవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని 14వ సెక్షను కింద తానే ఎంచుకోవచ్చు. ఆ ప్రతినిధి మీరే కానక్కరలేదు.

పెన్నహోబిలం సార్ ముందు హాఫ్‌వే హోము, తర్వాత ఇల్లు అన్నట్టు మెట్లు చూపారు. ముందు ఇల్లు ఇచ్చి, తోడ్పాటు ఆ ఇంటికే పంపే పద్ధతి 1992లో న్యూయార్కులో మొదలైంది. కెనడాలో 2009 నుంచి 2013 దాకా అయిదు నగరాల్లో, ఇల్లు లేని రెండు వేల మందికి పైగా మనుషులతో దాన్ని పరీక్షించారు. అలా ఇల్లు పొందినవారు మామూలు సేవల మీద ఆధారపడినవారి కంటే ఎక్కువ కాలం ఇంట్లో నిలిచారు. ఇంటికి అర్హత సంపాదించుకోమని మమ్మల్ని పరీక్షలకు కూర్చోబెట్టవద్దని నా మనవి.

పెన్నహోబిలం (అనంతపురం):
మీ మాటను గౌరవిస్తాను, అడగవలసిన మొదటి మనిషి ఆయనే. అయితే కెనడాలో ఆ ఇళ్ళతో పాటు నర్సులు, సోషల్ వర్కర్లు ఉన్న బృందాలు గుమ్మం దాకా వచ్చేవి. మన ఊళ్ళలో అటువంటి బృందం లేకుండా తాళంచెవి మాత్రమే ఇస్తే, మందు ఆగిన మనిషిని నెల తర్వాత గానీ ఎవరూ గుర్తించని పరిస్థితి నేను చూశాను. అందుకే కడప అక్కగారి ఏర్పాటు నాకు నచ్చింది. అక్కడ రోజూ చూసే కళ్ళున్నాయి, తాళం మాత్రం లేదు.

గుంతకల్లు రైల్వే కాలనీ:
కాగితాల గురించి చెబుతాను. వైకల్యం ఎంత ఉందో తేల్చే ప్రభుత్వ సదరం శిబిరంలో పరీక్ష చేయించి 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే సచివాలయంలో పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2024 నుంచి అది నెలకు 6000 రూపాయలు. మా తండ్రి రైల్వేలో పనిచేశారు. మానసిక వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను ఇచ్చే నియమం కేంద్ర ప్రభుత్వోద్యోగుల విషయంలో ఉంది. తల్లిదండ్రులు బ్రతికి ఉండగానే ఆ బిడ్డ పేరు, వైద్య ధ్రువపత్రం కార్యాలయంలో నమోదు చేయించడం మేలు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకత్వం (వైకల్యం ఉన్న మనిషి తరఫున నిర్ణయాలు తీసుకునే బాధ్యత) తీసుకోమని కొందరు సలహా ఇస్తారు, కానీ 1999 నాటి ఆ చట్టం మానసిక అనారోగ్యానికి వర్తించదు. ఆస్తి విషయం తేల్చుకోవడానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, మీ అన్నకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

తుంగభద్ర తీరం (కర్నూలు):
అందరికీ కృతజ్ఞతలు. నిన్న అన్నను అడిగాను. ఇల్లు మారనని, గది ఎవరితోనూ పంచుకోనని, అయితే పక్క గదిలో ఎవరైనా ఉంటే మంచిదేనని చెప్పాడు. ఆసుపత్రిలో తనకు పరిచయమైన ఒకాయన పేరు కూడా తానే చెప్పాడు. మా ఇంట్లోనే రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. అమ్మ ఉండగానే, ఆమె కళ్ళ ముందే ఆయనను అద్దెకు దింపి, వంటకు మనిషిని పెట్టి చూద్దామనుకుంటున్నాము. అక్కా, వంటామె వెళ్ళిపోయిన తర్వాత రాత్రి ఏదైనా జరిగితే మీ ఇంట్లో ఎవరికి ఫోను చేస్తారు?

ఎర్రముక్కపల్లి అక్క (కడప):
తమ్ముడూ, మూడు కుటుంబాల్లోనూ ఒక్కో వారం ఒక్కరికి వంతు ఉంటుంది. ఆ వారం వాళ్ళు ఊరు దాటరు, ఫోను తలగడ పక్కనే పెట్టుకుంటారు. మీరు హైదరాబాదులో ఉంటారు కాబట్టి మీ వీధిలోనే ఒకరిని అడిగి ఒప్పించండి, ఊరికే వద్దు, నెలకు ఇంత అని మాట్లాడుకోండి. ఎవరూ అందకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు చేయమని వాళ్ళకు నేర్పాము, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. రెండో ఆయన ఇంటివారితో కూడా ముందే కూర్చొని, ఆయనకు బాగా లేనప్పుడు ఎవరు వస్తారో రాతపూర్వకంగా తేల్చుకోండి.