గుట్ట మీద కంపాస్ ముల్లు పక్కకు పోతుంది, భూమి అయస్కాంతం మారుతుందా?

కిన్వట్_పోరడు: అన్నలూ మాది నాందేడ్ జిల్లా కిన్వట్ దగ్గర ఊరు. చేను హద్దు చూద్దామని తాత కంపాస్ పట్కొని నల్లరాయి గుట్ట ఎక్కిన, ఒక బండ కాడ ముల్లు ఏకంగ 30 డిగ్రీలు పక్కకు పోయింది, నాలుగడుగులు ఇవతలికొస్తే మళ్ల సక్కగ. ఫోన్ల కూడ అట్లనే. మా బావేమో ధ్రువాలు తారుమారు అయితున్నయ్ గందుకే అంటుండు, యూట్యూబ్‌ల చూసిండట. నిజమేనా?

బల్లార్షా_సర్వే: నేను గనుల సర్వేల చేసి రిటైర్ అయిన. తమ్మీ, నాలుగడుగులకే మారిందంటే అది భూమి పని కాదు, బండ పని. ముందు జేబుల తాళాలు, బెల్టు బకిల్ చూస్కో, చాలాసార్లు గవే. అవి కాకుంటే, మీ నల్లరాయంతా దక్కన్ లావా, అండ్ల మాగ్నెటైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజం గింజలుంటయ్, గుట్ట కొసకు ఎన్నడన్న పిడుగు పడ్డదనుకో ఆ కరెంటుకు బండ గట్టి అయస్కాంతమైతది. హద్దుకు కంపాస్ ఎందుకయ్యా, మోజణి, అంటే సర్కారు భూమి కొలత, పెట్టించు.

భూమిది వేరే లెక్క. 2,900 కిలోమీటర్ల లోతుకు పోతే కరిగిన ఇనుము తిరుగుతుంటది, దాంతోని ముల్లు దిక్కు ఏండ్లకేండ్లు మెల్లగ జరుగుతది. పాత గని ప్లాన్ల అయస్కాంత ఉత్తరం గీత పక్కన సంవత్సరం లేకుంటే ఆ గీతకు విలువ లేదు. మన దిక్కు ఇప్పుడు అసలు ఉత్తరానికీ ముల్లు చూపే ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. ఉరుకుడంతా ఉత్తర అయస్కాంత ధ్రువం కాడనే, 1831ల కెనడాల దొరికింది ఇప్పుడు సైబీరియా దిక్కు పోతుంది, నడుమ కొన్నేండ్లు ఏడాదికి 50 కిలోమీటర్ల పైన నడిచింది.

కిన్వట్_పోరడు: మరి బ్రెజిల్ దిక్కు భూమి అయస్కాంత కవచంల రంధ్రం పడ్డదంటుండు బావ?

ధర్మాబాద్_సార్: రంధ్రం గాదు, బలం తక్కువున్న జాగ, దక్షిణ అట్లాంటిక్ అనామలీ అంటరు. ఆడ అయస్కాంత బలం 22 వేల నానోటెస్లాలు (ఆ బలం కొలిచే లెక్క), మన కాడ 40 వేల పైన. అటు మీదికెళ్లి పోయేటప్పుడు హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ పరిశీలన ఆపుకుంటది, రేడియేషన్ కణాలు కిందికి దిగుతయ్ గనక. నేల మీదోళ్లకేం గాదు. భూమి అయస్కాంతం కొలిచేటందుకు 2013ల పంపిన స్వార్మ్ ఉపగ్రహాల లెక్కల అది రెండుగ చీలుతున్నట్టు కనబడుతుంది. పూర్తి తారుమారు చివరిసారి అయ్యింది 7.8 లక్షల ఏండ్ల కింద, అదీ వేల ఏండ్లు పట్టే పని, బావను నిమ్మలంగ పండుమను.

అసలు ముచ్చట మీ గుట్టదే. 6.6 కోట్ల ఏండ్ల కింద లావా చల్లారంగ అప్పటి దిక్కు దాంట్ల అచ్చు పడ్డది. దక్కన్ పొరలు చానా మట్టుకు ఉల్టా ఉన్నయ్, అంటే అప్పుడు కంపాస్ ఉంటే ఉత్తరం ముల్లు దక్షిణం చూసేది. ఆ అచ్చు వాలు కొలిచే మన నేల అప్పట్ల భూమధ్యరేఖకు దక్షిణాన ఉండెనని పట్టిండ్రు.

కిన్వట్_పోరడు: తాళాలు ఇంట్ల పెట్టి మళ్ల పోయిన, బండనే. మోజణికి అర్జీ ఇస్త. బావకు లింక్ పంపితే థంబ్ పెట్టిండు గంతే.