13 రీజన్స్ వై: టీనేజ్ పిల్లలు చూస్తామంటే ఏం చేయాలి?

గోదారిగట్టు:

నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 13 రీజన్స్ వై గురించి బాగా తెలిసినవాళ్ళు చెప్పండి. 2017 నాటి సిరీసే అయినా తొమ్మిది, పది, ఇంటర్ పిల్లలు ఇప్పటికీ వెతుక్కుని మరీ చూస్తున్నారు. చూసినవాళ్ళ స్పందనలు చదివితే ఒకదానికొకటి పొంతన లేదు. ప్రతి బడిలో చూపించాలని కొందరు, పిల్లల ప్రాణాలు తీసిందని కొందరు. ఆ రెండో మాటలో నిజమెంత? పిల్లలు పట్టుబడితే ఆపాలా, పక్కన కూర్చుని చూడాలా? ఆపాలంటే టీవీలో ఎలా ఆపాలి? "సూపర్", "చెత్త" లాంటి జవాబులు వద్దండి, పనికొచ్చేవి చెప్పండి.

రీలుపెట్టె:

స్పందనలు అంతగా చీలిపోవడానికి కారణం కథ చెప్పిన తీరులోనే ఉంది. జే ఆషర్ 2007లో రాసిన నవల దీనికి మూలం. హానా బేకర్ అనే అమ్మాయి చనిపోయే ముందు 7 క్యాసెట్లు రికార్డు చేసి పెడుతుంది. మొత్తం 13 వైపులు, దాదాపు ప్రతి వైపూ ఒకరి మీద ఫిర్యాదు. ఆ పెట్టె క్లే అనే కుర్రాడి గుమ్మం ముందు ప్రత్యక్షమవుతుంది. నవల్లో క్లే అన్నీ ఒక్క రాత్రిలో వినేస్తాడు. సిరీస్ మొదటి సీజన్‌లో దాన్ని 13 ఎపిసోడ్లకి సాగదీశారు.

మెచ్చుకున్న పిల్లలకి పట్టింది ఆ చిన్న చిన్న దెబ్బలు. ఒక ఫొటో బడంతా పాకిపోవడం, అబ్బాయిలు అమ్మాయిల శరీరాల మీద జాబితా రాయడం, నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితురాలు మొహం తిప్పుకోవడం. పెద్దవాళ్ళు "ఓస్, దానికేనా" అనేసేవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటే ఎంత బరువో సిరీస్ బాగా పట్టుకుంది. ఆ మెప్పులో అబద్ధం లేదు.

తప్పు ఉన్నది ఇంకోచోట. మన ఇళ్ళల్లో అలిగిన పిల్ల "నేను పోయాక తెలుస్తుంది మీకు" అంటుంది చూడండి, ఆ మాటని ఈ సిరీస్ దాదాపు 13 గంటల పాటు నిజం చేసి చూపిస్తుంది. బతికుండగా ఎవరూ వినని హానా మాటని పోయాక అందరూ చెవులు రిక్కించి వింటారు, ఏడుస్తారు, తప్పు ఒప్పుకుంటారు. ఆమె తెర మీద నవ్వుతూ తిరుగుతూనే ఉంటుంది, కథ నడిపే గొంతూ ఆమెదే. చావంటే ఇక ఏమీ లేకపోవడం అన్నది చూసే పిల్లలకి ఎక్కడా తగలదు. పైగా డిప్రెషన్ గురించి మొదటి సీజన్ దాదాపు నోరు మెదపదు. మొత్తం కథలో అక్కరకొచ్చిన పెద్దమనిషి ఒక్కడూ కనబడడు.

ఇక గొడవంతా జరిగింది మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో హానా ఆత్మహత్య సన్నివేశం మీద. దాదాపు 3 నిమిషాలు ఉండేది. నవల్లో అలాంటి సన్నివేశమే లేదు. నొప్పిని దాచకుండా చూపిస్తే ఎవరూ అటు పోరని రచయితల బృందం వాదించింది. వైద్యులు మొదటి వారం నుంచీ కాదంటూనే ఉన్నారు. చివరికి 2019 జూలైలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది, అంటే విడుదలైన రెండేళ్ళ మూడు నెలల తర్వాత. ఇప్పుడు ఆ అమ్మాయి అద్దం ముందు నిలబడటం, ఆ వెంటనే తల్లిదండ్రుల స్పందన, అంతే. కాబట్టి 2019కి ముందు రాసిన రివ్యూలు చదివేటప్పుడు వాళ్ళు చూసినదీ మీ పిల్లలు చూడబోయేదీ ఒకటి కాదని గుర్తుంచుకోండి.

తీసేశారు కదా అని నిమ్మళించకండి. 9, 12 ఎపిసోడ్లలో అత్యాచార సన్నివేశాలున్నాయి. రెండో సీజన్ చివర్లో ఒక కుర్రాడి మీద జరిగే లైంగిక దాడి అంతకన్నా ఘోరం. మొదట్లో హెచ్చరిక కార్డులు 9, 12, 13 ఎపిసోడ్లకే ఉండేవి, గొడవయ్యాక మొదటి ఎపిసోడ్‌కి ముందూ పెట్టారు. న్యూజిలాండ్ సెన్సార్ వాళ్ళయితే ఈ ఒక్క సిరీస్ కోసం 2017 ఏప్రిల్‌లో ఆర్‌పీ18 అనే కొత్త రేటింగే తయారుచేశారు: 18 లోపు పిల్లలు పెద్దల తోడు ఉంటేనే చూడాలి.

లెక్కలమాస్టారు:

"ప్రాణాలు తీసింది" అన్న మాట అమెరికాలో వచ్చిన రెండు అధ్యయనాల మీద నిలబడి ఉంది. రెండూ 2019లోనే వచ్చాయి. మొదటిది 10-17 ఏళ్ళవారిలో ఆత్మహత్య మరణాల రేటు 2017 ఏప్రిల్‌లో 28.9 శాతం పెరిగిందని, ఆ ఏడాది చివరికి అంచనాకన్నా 195 మరణాలు ఎక్కువని లెక్కగట్టింది. రెండోది 10-19 ఏళ్ళవారిని తీసుకుని, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 13.3 శాతం పెరుగుదల, 94 అదనపు మరణాలు అంది.

ఇక్కడ ఆగి చూడండి. మొదటి దాంట్లో పెరుగుదల స్పష్టంగా కనబడింది అబ్బాయిల్లో. రెండో దాంట్లో శాతం లెక్కన అమ్మాయిల్లో ఎక్కువ: 21.7, అబ్బాయిల్లో 12.4. హానా అమ్మాయి కదా, ప్రభావముంటే అమ్మాయిల మీదే ఎక్కువ ఉండాలి అనుకునేవాళ్ళకి మొదటి ఫలితం మింగుడు పడలేదు. పైగా అందులో మార్చిలోనూ పెరుగుదల ఉంది, సిరీస్ వచ్చింది మార్చి 31న. 2020లో డేనియల్ రోమర్ అనే పరిశోధకుడు అవే మరణాల లెక్కల్ని తిరగేసి, అప్పటికే ఏటేటా పెరుగుతున్న ధోరణిని కలిపి చూస్తే అబ్బాయిల్లో పెరుగుదలని సిరీస్ ఖాతాలో వేయలేమన్నాడు. అమ్మాయిల్లో ఏప్రిల్‌లో కొంచెం కనబడింది కానీ గట్టిగా చెప్పేటంత కాదన్నాడు.

అసలు చిక్కు ఇంకోటి. చనిపోయినవారిలో ఎవరు ఆ సిరీస్ చూశారో ఏ అధ్యయనానికీ తెలీదు. నెల లెక్క పక్కన విడుదల తేదీ పెట్టి చూడటమే. అందుకని "195 మందిని చంపింది" అనడం తప్పు, "ఏమీ చేయలేదు" అనడమూ తప్పే.

నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనబడింది రెండో సీజన్ మీద జరిగిన సర్వే. 18-29 ఏళ్ళవాళ్ళని విడుదలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడిగారు. అసలు చూడనివాళ్ళతో పోలిస్తే, సీజన్ మొత్తం చూసినవాళ్ళలో తమని తాము గాయపరుచుకునే ఆలోచనలు తగ్గాయి. మధ్యలో ఆపేసినవాళ్ళలో ముప్పు ఎక్కువ కనబడింది, ముఖ్యంగా అప్పటికే లోపల బాధ పడుతున్నవాళ్ళలో.

గోదారిగట్టు:

మాస్టారూ, అయితే మధ్యలో ఆపించడం ప్రమాదమా? మొదలుపెడితే చివరిదాకా చూడనివ్వాలా?

లెక్కలమాస్టారు:

అలా తిరగేయకండి. ఆపడం వల్ల ముప్పు వచ్చిందో, ముప్పులో ఉన్నవాళ్ళు తట్టుకోలేక ఆపేశారో ఆ సర్వే తేల్చలేదు. రెండోదే ఎక్కువ నమ్మదగ్గది. మీకు దాన్నుంచి దొరికే పని ఒకటే: పిల్ల సగంలో ఆపేసి "బోర్" అంటే హమ్మయ్య అనుకోకండి, ఎక్కడ ఆపిందో చూడండి. నెట్‌ఫ్లిక్స్‌లో పిల్ల ప్రొఫైల్‌కి ఉండే వ్యూయింగ్ యాక్టివిటీలో ఏ ఎపిసోడ్ ఏ తేదీన చూసిందో ఉంటుంది.

బడికౌన్సెలర్:

ముందు ఎవరికి అసలు వద్దో చెప్తాను. ఇంతకుముందు ఎప్పుడైనా ఆత్మహత్యకి ప్రయత్నించిన పిల్లలు, చేతులు కోసుకునే అలవాటున్నవాళ్ళు, ఈమధ్య ఇంట్లోనో స్నేహితుల్లోనో ఆత్మహత్య చూసినవాళ్ళు, లైంగిక దాడికి గురైనవాళ్ళు, డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్ళు. వీళ్ళకి పక్కన కూర్చుని చూపించడం కూడా వద్దు. పరీక్షా ఫలితాలకి ముందూ వెనకా వారాల్లో ఎవరికీ వద్దు.

మిగతావాళ్ళతో చూడాలనుకుంటే ముందు మీరు ఒక్కరే మొత్తం చూసేయండి. తర్వాత పిల్లలతో రోజుకి ఒకటి, మహా అయితే రెండు ఎపిసోడ్లు, పగలు. రాత్రి పదకొండింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా ఆరు లాగించడమే అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ఆటోప్లే ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒకటి పూర్తవగానే ఇంకోటి మొదలై మాట్లాడుకునే ఖాళీనే ఉండదు.

చూశాక "దీన్నుంచి ఏం నేర్చుకున్నావ్?" అని అడగొద్దు, అది పరీక్ష పేపర్. ఫలానా చోట ఎవరికి చెప్పి ఉంటే బాగుండేది, నీకైతే మన చుట్టాల్లో, బడిలో ఎవరికి చెప్పబుద్ధవుతుంది అని అడగండి. పేరు చెప్పలేకపోతే మీ పని అక్కడే మొదలవుతుంది.

మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో హానా బడి కౌన్సెలర్ పోర్టర్ గదిలో జరిగేది పెద్దవాళ్ళు రెండుసార్లు చూడాలి. ఏం చేయకూడదో అన్నీ అందులోనే ఉన్నాయి. హానా మాట్లాడుతుంటే ఆయన ఫోన్ మోగుతూ ఉంటుంది. దాడి జరిగిందని ఆమె చెప్పబోతే నిందితుడి పేరు చెప్పకపోతే మర్చిపోయి ముందుకి సాగాలన్న ధోరణిలో మాట్లాడతాడు. చావాలనుందా అని సూటిగా అడిగి తేల్చుకోడు. ఆమె లేచి వెళ్ళి తలుపు బయట ఆగి చూస్తుంది, వెనక ఎవరూ రారు.

సూటిగా అడగడం దగ్గరే మనవాళ్ళు తడబడతారు. "అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అంటారు. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది, పిల్ల "లేవు" అనే అంటుంది. ఇలా అడగండి: "ఇంత బాధలో ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోవాలనిపిస్తుంది. నీకెప్పుడైనా అనిపించిందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడొద్దు, పుట్టదు. "చచ్చిపోతా బాబోయ్" అని మన భాషలో రోజుకి పదిసార్లు అంటాం, నిజమే. తేడా చుట్టూ ఉన్నవాటిలో కనబడుతుంది: ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నిద్ర తలకిందులవడం, ఇష్టంగా ఆడే ఆట మానేయడం, మీకు నేను బరువు అనడం, చాలా రోజుల దిగులు తర్వాత ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోవడం.

అవునంటే "ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించొద్దు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్" అంటే ఒట్టు వేయొద్దు. "నీకు తోడు కావాలి కాబట్టి ఒకరికి చెప్తా, ఎవరికో ఇద్దరం కలిసి అనుకుందాం" అనండి. ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో మందులు, చేను ఉంటే పురుగుమందులు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. టెలి-మానస్ 14416, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉచితం, తెలుగు ఎంచుకోవచ్చు. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితైతే 112, లేదా నేరుగా ఆసుపత్రి. పోలీసు కేసు అవుతుందని ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగానే చూడాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు.

పెద్దబజారు:

అందరూ మస్తు చెప్పిన్రు గానీ లాక్ సంగతి ఎవ్వరూ చెప్పలే. ఫోన్‌ల కన్నా బ్రౌజర్‌ల చేసుకునుడు సుళువు. అకౌంట్‌లకు పోయి పిల్ల ప్రొఫైల్ తెరిస్తే పేరెంటల్ కంట్రోల్స్ ఉంటయి. ఆడ వయసు రేటింగ్ తగ్గించుడొకటి, దాని కిందనే సిరీస్ పేరు టైప్ చేసి ఆ ఒక్కదాన్ని ఆపుడొకటి. రెండోది తప్పక చేయున్రి. ఆటోప్లే కూడా ప్రొఫైల్ సెట్టింగ్స్‌లనే ఉంటది.

ఇగ అందరు చేసే తప్పేందంటే, పిల్ల ప్రొఫైల్‌కు అన్నీ పెట్టి నాయిన ప్రొఫైల్ తెరిచి ఇడుస్తరు. పిల్ల అండ్లకెళ్ళి చూస్తది. పెద్దోళ్ళ ప్రొఫైల్స్ అన్నిటికీ 4 అంకెల పిన్ పెట్టాలె, పుట్టిన సంవత్సరం పెట్టకున్రి. కొత్త ప్రొఫైల్ తయారుచేసుకోకుండ గూడ లాక్ ఉంది.

ఇదంతా చేసినా రీల్స్‌ల పాటలు అతికించిన ముక్కలు వస్తనే ఉంటయి, తీసేసిన సీను గూడ ఏదో సైటుల దొరుకుతది. దానికి లాక్ లేదు. అది కనబడితే "నాట్ ఇంట్రెస్టెడ్" నొక్కి రిపోర్ట్ కొట్టుమని పిల్లలకే నేర్పాలె.

డాలస్‌తెలుగు:

అమెరికాలో ఉన్నవాళ్ళకి: ఇక్కడ ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988, కాల్ చేయొచ్చు, టెక్స్ట్ కూడా చేయొచ్చు, 2022 జూలై నుంచి ఉంది. పిల్లలు మాట్లాడటం కన్నా టెక్స్ట్‌కే ఎక్కువ మొగ్గుతారు కాబట్టి ఆ మాట వాళ్ళకి చెప్పి ఉంచండి. బడి నుంచి ఈ సిరీస్ గురించి ఉత్తరం వస్తే చించేయకండి. 2017లో స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘమే ముప్పులో ఉన్న పిల్లలు చూడొద్దని ప్రకటన ఇచ్చింది, చాలా బళ్ళు ఆ దారిలోనే ఇళ్ళకి రాశాయి. మనవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో ఇబ్బంది: పిల్ల ఇంగ్లీషులో చెప్తే అమ్మమ్మకి అందదు, అమ్మమ్మ తెలుగులో అడిగితే పిల్ల జవాబివ్వలేదు. "ఇక నా వల్ల కాదు" అనే అర్థంలో పిల్ల అన్న "ఐ యామ్ డన్" పెద్దవాళ్ళకి "పని అయిపోయింది" అని అర్థమైన ఇళ్ళున్నాయి.

రీలుపెట్టె:

మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఈ సిరీస్ గురించి తెలుగులో రాసేవాళ్ళు "హానా బలవన్మరణానికి పాల్పడింది" అని పేపర్ భాష దించేస్తున్నారు. దొంగతనానికీ మోసానికీ వాడే "పాల్పడటం" దీనికెందుకు? "ఆత్మహత్య వల్ల చనిపోయింది" అంటే సరిపోతుంది. ఎలా చనిపోయిందో రివ్యూలో రాయక్కర్లేదు కూడా.

గోదారిగట్టు:

అందరికీ థాంక్సండీ. ఒక్క ప్రశ్న మిగిలింది. 14416కి పిల్లలే సొంతంగా చేయొచ్చా, పెద్దవాళ్ళే చేయాలా?

బడికౌన్సెలర్:

పిల్లలే చేయొచ్చు. 18 లోపువాళ్ళకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. పిల్ల గురించి ఏం మాట్లాడాలో తెలీక మీరు చేసినా తీసుకుంటారు. నంబరు ఫ్రిజ్ మీద అంటించడం కన్నా పిల్ల ఫోన్‌లో మామూలు పేరుతో సేవ్ చేయించండి, స్నేహితుల ముందు తెరిచినా ఇబ్బంది ఉండదు.