పెన్సిల్వేనియా అసెంబ్లీ: సరిహద్దు కౌంటీలకు సీట్లు తగ్గింది మతం వల్లేనా?

పాతలెక్కలు: అమెరికాలోని పెన్సిల్వేనియా బ్రిటిష్ వలసగా ఉన్న రోజులవి. 1764లో అక్కడి సరిహద్దు జనం తరఫున స్మిత్, గిబ్సన్ గవర్నరుకు, అసెంబ్లీకి ఇచ్చిన విన్నపంలో ఒక లెక్క ఉంది. ఫిలడెల్ఫియా నగరానికి, మూడు పాత కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కలిపి 26 సీట్లు. లాంకాస్టర్, యార్క్, కంబర్లాండ్, బెర్క్స్, నార్తాంప్టన్, ఈ ఐదు సరిహద్దు కౌంటీలకూ కలిపి 10. పాత కౌంటీల్లో పట్టు క్వేకర్లది, అంటే యుద్ధం కూడదనే క్రైస్తవ శాఖవాళ్లది. సరిహద్దున ప్రెస్బిటేరియన్లు (మరో క్రైస్తవ శాఖ), జర్మన్లు. ఇది మత పక్షపాతం కాదంటారా?

గోదారిగట్టు: సీట్లు ఇచ్చింది కౌంటీకండీ, మతానికి కాదు. 1756లో యుద్ధానికి మనసొప్పక జేమ్స్ పెంబర్టన్‌తో కలిపి ఆరుగురు క్వేకర్లు రాజీనామా చేశారు. పదవి పట్టుకు వేలాడేవాళ్లు అలా చేస్తారా?

పాతలెక్కలు: ఆరుగురు పోతే 26 తగ్గిందా? 10 పెరిగిందా?

సీమమిర్చి: పన్ను సంగతి ఎవరూ ఎత్తరేం? వలస యజమాని థామస్ పెన్ తన భూముల మీద పన్ను వద్దన్నాడు. 1755లో రక్షణ డబ్బుకు పేచీ అక్కడే వచ్చింది.

గోదారిగట్టు: పాతలెక్కలు గారికి పది, ఇరవై ఆరు తప్ప ఏదీ కనబడదు.

పాతలెక్కలు: కనబడదు. మా పొలం కాలువ చివర ఉంది. నీటి సంఘంలో అంతా పై ఊళ్లవాళ్లే. నాలుగేళ్లుగా మా వంతు వచ్చేసరికి నీళ్లుండవు. అర్జీ ఇస్తే "చూద్దాం" అంటారు. బలం చాలనివాడి బాధ మీకేం తెలుసు?

గోదారిగట్టు: మీ బాధ కాదనను. కానీ మీరు అర్జీతో ఆగారు. 1763 డిసెంబరులో పాక్స్టన్ మూక అనే సరిహద్దు జనం గుంపు కోనెస్టోగా ఊళ్లో ఆరుగురు ఆదివాసులను చంపింది. మిగిలిన 14 మందిని రక్షణ కోసం లాంకాస్టర్‌లో ఉంచితే, అక్కడికీ వెళ్లి పిల్లలతో సహా నరికేసింది. మీ విన్నపం ఆ మూక ఫిలడెల్ఫియా మీదికి కదిలాక వచ్చిందే. ఆ 20 మంది ఊసు మీ పోస్టులో ఎక్కడ?

పాతలెక్కలు: చంపడం ఒప్పని నేనన్నానా? ఆదివాసుల దాడుల్లో సరిహద్దున ఎన్ని ఇళ్లు తగలబడ్డాయో కూడా చెప్పండి! ముందు సీట్ల పంపకం న్యాయమో అన్యాయమో తేల్చండి.

గోదారిగట్టు: అన్యాయమే. ఒప్పుకుంటున్నా. మరి కోనెస్టోగా వాళ్లకెన్ని సీట్లు? 1701లో ఈ వలసను స్థాపించిన విలియం పెన్‌తో ఒప్పందం చేసుకుని, దాన్ని నమ్మి బతికినవాళ్లు.

పాతలెక్కలు: వాళ్లు ఓటర్లు కారు కదా.

గోదారిగట్టు: నా గొడవంతా అదే. క్వేకరా, ప్రెస్బిటేరియనా అని ఇంతసేపు కొట్టుకున్నాం. ఆ రెండు వైపులా లేనివాళ్లు మన లెక్కలోకే రాలేదు.

పాతలెక్కలు: వాళ్ల సంగతి నేను ముందే రాయాల్సింది. ఆ 10, 26 మాత్రం వదలను.