క్రూడ్ ధర నుంచి పెట్రోల్ రేటు లెక్క కట్టేదెలా?

బ్రెంట్ క్రూడ్ (అంతర్జాతీయ మార్కెట్‌లో ప్రామాణికంగా చూసే ముడి చమురు) ధరను బట్టి బంకులో పెట్రోల్ రేటు ఎంత ఉండాలో ఎక్సెల్‌లో లెక్క వేస్తున్నా, కుదరట్లేదు. బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లు కాబట్టి దాంతో భాగించి, డాలర్ మారకం రేటు కట్టి, పన్నులు, డీలర్ కమీషన్ కలిపాను. క్రూడ్ పెరిగేటప్పుడు దాదాపు సరిపోతోంది. తగ్గేటప్పుడే తంటా, బంకు రేటు వారాల తరబడి పైనే ఉంటోంది (పెరగడానికి మాత్రం ఎక్కడలేని తొందర!). పాత స్టాకు ప్రభావమేమో అని రెండు వారాల ముందటి క్రూడ్ ధర పెట్టి చూశా, నెల సగటు కూడా పెట్టా, తేడా పోలేదు. పైగా రిఫైనరీలు మెయింటెనెన్స్‌కి ఆగితే క్రూడ్ కదలకపోయినా పెట్రోల్ పెరుగుతోంది. ఈ లెక్కకి క్రూడ్ వదిలేసి పెట్రోల్ హోల్‌సేల్ ధరనే తీసుకోవాలా, లేక క్రూడ్ ఉంచి రిఫైనింగ్ మార్జిన్ (క్రూడ్ ధరకీ, దాన్నుంచి తీసిన పెట్రోల్ లాంటి సరుకు హోల్‌సేల్ ధరకీ మధ్య తేడా) విడిగా కలపాలా?