రత్నాలా, రతనాలా? ఆరు లోపల చెప్పండి

పత్తిచేను (నల్లగొండ): అందరికీ నమస్కారం. ఆదివారం మా లైబ్రరీలో 'నన్ను మార్చిన పుస్తకాలు' అని పది నిమిషాలు మాట్లాడాలి. పుస్తకాల లెక్క తేలింది. మనవాళ్లు ఏం తిన్నారు, ఏ ఆటలాడారు అన్నదీ చరిత్రే అని చూపింది సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. నా రాజకీయం వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి'తో మొదలైంది. ఇక పత్తి చేనంటే మందు కొట్టడం, అప్పు తేవడం తప్ప ఇంకోటి తెలియని నేను, పాతకాలపు ప్రాకృత పద్యాల సంపుటి గాథాసప్తశతిలో పత్తి చేను దున్నే రోజున నాగలిని అలంకరిస్తూ, చేను ఎదిగితే ప్రియుణ్ణి చాటుగా కలవొచ్చన్న ఊహకే చేతులు వణికిన ఆ ఆడమనిషిని చదివాక, మా చెలకను అంతకు ముందులా చూడలేకపోయా. చిక్కంతా ఫ్లెక్స్ దగ్గరే. పైన దాశరథి పద్యపాదం వేయిద్దామంటే 'కోటి రత్నాల వీణ' అని నేను, 'కోటి రతనాల వీణ' అని లైబ్రేరియన్ మేడం. క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్స్ తమ్ముడు ఆరింటికి షట్టర్ దించేస్తాడట.

డిండివాగు: రతనాల. జూన్ 2న ఊరూరా మైకులో వినేది అదే. ఇందులో అడగడానికేముంది అన్నా?

గురులఘువు (వనపర్తి): మైకు ఎప్పటి నుంచి ప్రమాణమైంది? అది తేటగీతి పద్యం. నా తె / లంగాణ / కోటి ర / త్నాల / వీణ. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో జోడీ, నా–త్నా. రతనాల అన్నారంటే యతిస్థానంలో ఉత్త 'త' వచ్చి కూర్చుంటుంది, 'తనా' అని లఘువు (పొట్టి అక్షరం) మీద గురువు (పొడుగు అక్షరం) పడి అక్కడ ఉండాల్సిన సూర్యగణమూ పోతుంది. రత్నాల. అయిపోయింది.

డిండివాగు: అయిపోలేదు సార్. రత్నం ప్రకృతి, రతనం వికృతి. రాయలసీమ మాత్రం రతనాల సీమ కావచ్చు, మా వీణకే పట్టింపులా?

గురులఘువు: వికృతి తప్పని ఎవరన్నారు? ఆ పాదంలో ఇమడదంటున్నా.

కందనూలు పిల్ల: మీ ఇద్దరూ వదిలేసిందొకటి ఉంది. రత్నాల, రతనాల రెండూ అయిదు మాత్రలే (లఘువుకి ఒకటి, గురువుకి రెండు), లెక్కేసుకోండి. అందుకే పాడేటప్పుడు తాళం తప్పదు, ఎవరికీ అనుమానం రాదు. జనం నోట్లో పద్యం పాటైంది, పాటకి సంయుక్తాక్షరం అడ్డొచ్చింది, విడగొట్టుకున్నారు. మా అమ్మమ్మ 'పద్మ'ను 'పదుమా' అని పిలిచినట్టు.

గురులఘువు: మాత్రల సంగతి నేనూ చెప్పబోతున్నా.

కందనూలు పిల్ల: అవునవును 🙂

మూసీఒడ్డు: అసలు గొడవ రత్నాల్లో లేదు, 'కోటి'లో ఉంది. కోటి అంటే కొన, అంచు అని కూడా అర్థం. విల్లు కొన ధనుష్కోటి. అంటే వీణ కొనన రత్నాలు తాపడం చేశారని నా ఊహ. ఇరవై ఏళ్లుగా చెబుతున్నా, ఎవరూ పట్టించుకోరు.

డిండివాగు: కోఠిలో కొన్న రత్నాలేమో చూడండి సార్.

మూసీఒడ్డు: నవ్వండి. నా 'అగ్నిధార' మాత్రం నిజంగానే కోఠి ఫుట్‌పాత్ మీద దొరికింది. అట్ట లేదు, ఎవరో ప్రతి పద్యం పక్కనా పెన్సిల్‌తో టిక్కులు పెట్టారు. దాన్ని వట్టికోటకి అంకితమిచ్చాడు గదా దాశరథి, ఆ పేజీకి రెండు టిక్కులు!

గురులఘువు: ఆళ్వారుస్వామి పేరొచ్చింది కాబట్టి చెబుతున్నా, నిజామాబాద్ జైల్లో ఇద్దరూ కలిసే ఉన్నారు. పళ్లు తోముకొమ్మని ఇచ్చిన బొగ్గుతో గోడ మీద రాసిన పద్యమిది. 'ఓ నిజాము పిశాచమా కానరాడు, నిన్ను బోలిన రాజు మాకెన్నడేని' అని మొదలవుతుంది. ఆ స్థితిలోనూ ఈ మొదటి రెండు పాదాలకి ప్రాసయతి, అంటే రెండో అక్షరాల జోడీ (ఓని–కాన, నిన్ను–కెన్న), తర్వాతి రెండింటికీ యతి, ఒక్కటీ తప్పలేదు. తీగలను తెంపి అగ్నిలో దింపినావు, తీ–దిం చూడండి. బొగ్గుతో రాసినాయన తప్పలేదు, ఫ్లెక్స్ మీద మనం తప్పుతామా?

నడిగడ్డ (ఆలంపూర్ వైపు): మీరు యతుల్లో ఉండగానే మా సురవరం వారు పక్కకి పోయారు. తెలంగాణలో కవులు పూజ్యం అన్న మాటకి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి జవాబిచ్చిన మనిషి. పూజ్యం అంటే సున్నా, పూజించదగింది కూడా. ఆ శ్లేష మీద ఒక చర్చ పెట్టాలి. సాంఘిక చరిత్రకి సాహిత్య అకాడెమీ వచ్చింది 1955లో, చూడటానికి ఆయన లేరు, 1953లోనే పోయారు. పత్తిచేనన్నా, మాటల్లో ఇది చెప్పు.

పత్తిచేను: చెప్తా అన్నా. కానీ టైం 5:40. రత్నాలా, రతనాలా?

డిండివాగు: రతనాల.

గురులఘువు: రత్నాల. పైన రాశా, చదువుకోండి.

మూసీఒడ్డు: కోటి అర్థం తేలకుండా దేనికీ ఓటెయ్యను.

కందనూలు పిల్ల: ఫ్లెక్స్ మీద రత్నాల వేసి, వేదిక మీద రతనాల అని పాడించండి. గోల ఉండదు.

పత్తిచేను: ఫ్లెక్స్ వచ్చింది. ఫోన్లో 'త్నా' అని మూడుసార్లు చెప్పా. 'కోటి రత్నల వీణ' అని కొట్టి ఇచ్చాడు. దీర్ఘం లేదు. షట్టర్ దించేశాడు.

గురులఘువు: నా–త్న, యతి చెల్లుతుంది. గణమే పోయింది.